ముందు ప్రిన్సిపాల్‌కి తెలిసింది

వెటర్నరీ కాలేజీలో చేరిన మొదటి రోజే అతను ఒక అబద్ధం ఆడాడు. చేరింది పిల్లలకు నీతి నేర్పే ఉద్యోగంలో కాబట్టి ఆ సంగతి దాచకుండా ముందే చెప్పేయడం మంచిది.

తప్పు పూర్తిగా అతనిదీ కాదు. కొత్త చొక్కా వేసుకుని, చేతిలో పాఠం కాగితాలు పట్టుకుని పై అంతస్తు వరండాలో నడుస్తుంటే, బెంచీ మీద ఒక అమ్మాయి కూర్చుని ఏడుస్తోంది. మామూలు ఏడుపు కాదు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఒళ్లో శాలువాలో చుట్టిన కుక్కపిల్ల ఉంది. తోక ఒక్కటే బయటికి కనిపిస్తోంది.

అతనికి ఆడవాళ్ల ఏడుపు అలవాటు లేదు. ఇంట్లో ఉన్నది ఒక్క అక్క. ఆవిడకి ఏడవడం కంటే ఏడిపించడం బాగా వచ్చు.

"ఏమైందండీ?" అన్నాడు, కాగితాలు చంకలో పెట్టుకుని.

"లోపల డాక్టర్లు చూశారండీ. ఏమీ తేల్చి చెప్పడం లేదు. మా చిట్టి బతుకుతుందా?"

"తప్పకుండా బతుకుతుంది."

"నిజంగానా?"

"పూచీ నాది. వారం తిరిగేసరికి మీ ఇల్లంతా గెంతుతుంది, చూడండి."

"మీరు దాన్ని చూడనే లేదు కదా?"

"చూడక్కర్లేదండీ. నేనున్నానుగా!"

కుళాయి కట్టేసినట్టు ఏడుపు ఆగిపోయింది. ఆ అమ్మాయి ముక్కు తుడుచుకుని, అతన్ని కింద నుంచి పైదాకా చూసి, శాలువా విప్పింది. లోపల ఉన్నది దూది కుక్క. ఒక కంటికి బొత్తాం కుట్టి ఉంది.

"సున్నా," అంది. "పేషెంటుని ముట్టుకోకుండా పూచీ ఇచ్చేశారు. ఇంటికెళ్లాక ఇది చచ్చిపోతే నా గతేంటి? ఏ ఇయర్ మీరు?"

అతను చంకలో కాగితాలు సర్దుకున్నాడు. "నేను స్టూడెంటుని కాదండీ. కొత్త లెక్చరర్‌ని."

"ఓహో. ఏ సబ్జెక్టు?"

అతను నేల చూపులు చూశాడు. "ఎథిక్స్."

ఆమె నవ్వలేదు. నవ్వితే బాగుండేది. పెదాలు బిగబట్టుకుని, కుక్కని చంకలో ఇరికించుకుని, "గుడ్ మార్నింగ్ సార్. నేను మీ క్లాసులోనే పనిచేస్తాను," అని వెళ్లిపోయింది.

ఆమె నాటకాల్లో వేషాలు వేస్తుంది. ఆ కాలేజీలో ఒక పద్ధతి ఉంది. రేపు డాక్టర్లయ్యే పిల్లలు జంతువులకు వైద్యం ఎలాగూ నేర్చుకుంటారు. ఆ జంతువుల వెనకాల ఉండే మనుషులతో నిజం ఎలా మాట్లాడాలి, ఇరుకున పడ్డప్పుడు ఏ నిర్ణయం తీసుకోవాలి అన్నది పుస్తకం చదివితే రాదు. అందుకని పాత ఎక్స్‌రే గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేశారు. ఆమె ఓ రోజు కుక్క యజమాని, ఓ రోజు డెయిరీ ఓనరు, ఇంకో రోజు చిలకని పెంచుకునే రిటైర్డ్ టీచరు. ఎదుటి కుర్చీలో స్టూడెంటు డాక్టరుగా కూర్చుంటాడు. మిగతావాళ్లు గోడ వారన కూర్చుని చూస్తారు. అయ్యాక అందరూ మాట్లాడుకుంటారు.

కేసులు తయారుచేయడం అతని పని. నటించడం ఆమె పని. ఆమెని టర్ము టర్ముకీ కొత్తగా తీసుకుంటారు, ఆమె పని చూసుకోవాల్సింది అతనే. పిల్లలు అతనికి నీతి సార్ అనీ, ఆమెకి ఏడుపు మేడం అనీ పేర్లు పెట్టారు. ఆ పేర్లు ఇద్దరికీ తెలుసు, తెలియనట్టు ఉండేవాళ్లు.

మొదటి క్లాసులో అతను బోర్డు మీద నాలుగు ప్రశ్నలు రాశాడు. జరిగిన నిజం ఏమిటి? ఎవరికి నష్టం? ఈ నిర్ణయం ఎవరి మీద పడుతుందో వాళ్లని అడిగామా? రేపు నలుగురిలో ఇదే మాట తలెత్తుకుని చెప్పగలమా?

"ఏ చిక్కొచ్చినా ఈ నాలుగూ వేసుకోండి," అన్నాడు గంభీరంగా.

"బయట ఇరవై ఆవులు లైన్లో ఉన్నప్పుడు కూడానా సార్?" అని వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. క్లాసంతా గొల్లుమంది.

"అప్పుడు తొందరగా వేసుకోవాలి," అన్నాడతను. ఈసారి ఆమె కూడా నవ్వింది. అతని గాంభీర్యం అక్కడితో సరి.

ఆ రోజు కేసు, ఒక మేకకి పొరపాటున వేరే ఇంజెక్షన్ ఇచ్చేశారు. ఆ మాట యజమానికి చెప్పాలి. ఎత్తుగా, ధీమాగా ఉన్న ఓ కుర్రాడు వచ్చి డాక్టరు కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా ఆమె నడుం వంచి, గొంతు వణికిస్తూ, చూస్తుండగానే ముసలావిడ అయిపోయింది.

"సారీ బామ్మగారూ, కానీ ఆ రోజు రద్దీ ఎక్కువగా ఉంది..." అన్నాడు కుర్రాడు.

"అంటే తప్పు నాదా బాబూ? రద్దీగా ఉన్న రోజు తీసుకొచ్చినందుకు?"

ఆమె నడుం నిటారు చేసి మామూలు గొంతుతో చెప్పింది. "సారీ తర్వాత 'కానీ' వచ్చిందంటే ఆ సారీ చెల్లదు. ఎదుటివాళ్లకి 'కానీ' ఒక్కటే వినిపిస్తుంది. మళ్లీ చెప్పు."

గోడ వారన నిలబడి చూస్తున్న నీతి సార్‌కి, తను ఏళ్ల తరబడి చదివిన లావుపాటి పుస్తకాల్లో ఈ ఒక్క ముక్క ఎక్కడా కనపడలేదని గుర్తొచ్చింది. ఆమెని చూస్తూ ఉండిపోయాడు. పిల్లలు అతన్ని చూస్తూ ఉండిపోయారు.

ఇక వాన. వాన లేకుండా మన కథ కదలదు.

ఓ సాయంత్రం క్లాసు వదిలేసరికి కుండపోత. ఆమె గేటు దగ్గర షెడ్డు కింద నిలబడి ఉంది. అతని చేతిలో గొడుగు ఉంది. దగ్గరికి వెళ్లాడు, ఆగాడు, మళ్లీ రెండడుగులు వేశాడు.

"మీ కింద పనిచేసే మనిషిని మీ గొడుగులోకి పిలవచ్చా, కూడదా అని ఆలోచిస్తున్నారా?" అందామె.

"అబ్బే, లేదండీ."

"దీనికి కూడా నాలుగు ప్రశ్నలు వేసుకుంటారా ఏంటి?"

"మూడయ్యాయి," అన్నాడు నిజాయితీగా.

ఆమె పకపకా నవ్వి తనే గొడుగు కిందికి వచ్చేసింది. బస్టాపు దాకా నడిచారు. ఆమె తడవకూడదని అతను గొడుగుని అటే పట్టుకున్నాడు. చిన్నప్పటి నుంచీ వాళ్లమ్మ కుట్టిన నాటకం దుస్తుల మధ్యే పెరిగాననీ, ఎంత పెద్ద వేషం వేసినా ఈ ఎక్స్‌రే గదిలో వేసేదే తనకి ఇష్టమనీ చెప్పింది.

"స్టేజీ మీద ఏడిస్తే చప్పట్లు కొడతారు. ఇక్కడ ఏడిస్తే ఒక కుర్రాడు నిజం చెప్పడం నేర్చుకుంటాడు. నాకు ఇదే బాగుంటుంది."

బస్టాపు ఇంకో నాలుగు వీధుల అవతల ఉంటే బాగుండుననిపించింది అతనికి.

ఇంటికి వెళ్లగానే అక్క తలుపు తీసి, ఎగాదిగా చూసింది. ఆవిడ కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. ఆవిడ చూపు నుంచి ఏదీ తప్పించుకోలేదు.

"గొడుగు తీసుకెళ్లి సగం తడిసొచ్చావేంట్రా? మిగతా సగం గొడుగు ఎవరిది?"

"ఎవరిదీ కాదక్కా. గాలివాన."

"గాలివాన పేరేంటి?"

అతను తువ్వాలు మొహాన కప్పుకుని లోపలికి పారిపోయాడు.

ఇలా సాఫీగా నడుస్తుండగా ప్రిన్సిపాల్ గారికి ఒక కంప్యూటర్ ప్రోగ్రాం దొరికింది. అందులో ఎథిక్స్ ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి నాలుగు జవాబులు. పిల్లలు మీట నొక్కితే మార్కులు వచ్చేస్తాయి. ఇక నటులెందుకు, కుర్చీలెందుకు, ఎక్స్‌రే గది ఎందుకు?

"తేల్చాల్సింది మీరే," అన్నాడాయన నీతి సార్‌తో. "వచ్చే మీటింగుకి రిపోర్టు ఇవ్వండి. నటన క్లాసు ఉంచాలా, తీసేయాలా. మీరేమంటే అదే."

తీసేస్తే ఆమె ఉద్యోగం పోతుంది. అంతకంటే మించి, ఆమెకి అన్నిటికన్నా ఇష్టమైన పని పోతుంది. ఉంచాలని రాస్తే చాలు. అతని చేతిలో పనే.

ఆ పనే చేతకాలేదు. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ 'ఈ క్లాసు చాలా అవసరం' అని రాసి, ఆగి, కొట్టేసేవాడు.

"నీకేమైందిరా? క్లాసు మంచిదా కాదా?" అంది అక్క.

"మంచిదే."

"మరి రాసి పారెయ్."

"మంచిదని తెలుసక్కా. క్లాసు చూసి తెలుసో, ఆమెని చూసి తెలుసో తెలీడం లేదు."

"అయితే గాలివాన ఈవిడేనన్నమాట," అంది అక్క.

మీటింగు రోజు ప్రిన్సిపాల్ గదిలో ప్రొఫెసర్లందరూ కూర్చున్నారు. ఎదురుగా సర్జరీ ప్రొఫెసర్. పిల్లలు ఆవిడని కత్తెర మేడం అంటారు. కుట్టు వంకరపోతే కత్తిరించి మళ్లీ వేయిస్తుంది, మాట వంకరపోయినా అంతే. నటన క్లాసంటే ఆవిడకి మొదటి నుంచీ గిట్టదు.

"మీ రిపోర్టేదీ?" అన్నాడు ప్రిన్సిపాల్ కాఫీ అందుకుంటూ.

నీతి సార్ లేచి నిలబడ్డాడు. కూర్చునే చెప్పవచ్చు, కానీ కాళ్లు వినలేదు.

"నేను రాయకూడదు సార్. ఈ విషయంలో నా మాట నిష్పక్షపాతంగా ఉండదు. ఆ క్లాసులో పనిచేసే మేడం అంటే నాకిష్టం."

"ఇష్టం అంటే?" అంది కత్తెర మేడం.

"ఇష్టమంటే... ఇష్టమే మేడం."

ప్రిన్సిపాల్‌కి కాఫీ పొలమారింది. పక్కనున్న అనాటమీ ప్రొఫెసర్ ఆయన వీపు తట్టాడు. గదిలో కొందరు మొహాలు తిప్పుకున్నారు, కొందరు తిప్పుకోకుండా చోద్యం చూశారు. చివరికి ప్రిన్సిపాల్ కళ్లు తుడుచుకుని, "సరే. అయితే రిపోర్టు సర్జరీ మేడం ఇస్తారు," అన్నాడు.

నీతి సార్ మెల్లగా కూర్చున్నాడు. క్లాసంటే అందరికంటే గిట్టని మనిషి చేతిలో పడింది ఆమె ఉద్యోగం. పడేసింది తనే.

ఇలాంటి కబురుకి కాళ్లు మొలవడానికి ఎంతసేపు? మధ్యాహ్నానికి కాలేజీలో కుర్చీలకి కూడా తెలిసిపోయింది. ఆమెకి తెలిసింది కాంటీన్ దగ్గర, ఇద్దరు ఫస్టియర్ అమ్మాయిలు తనని చూసి చెవులు కొరుక్కుంటుంటే.

అతను ఎక్స్‌రే గదిలో బోర్డు తుడుస్తుంటే తలుపు దడాలున తెరుచుకుంది.

"నిజమేనా?" అందామె.

"నిజమే."

"ప్రిన్సిపాల్‌తో చెప్పారు. సర్జరీ మేడంతో చెప్పారు. అనాటమీ ఆయనతో కూడా చెప్పారు. నాతో చెప్పారా?"

"అది... రిపోర్టు నేను రాయడం తప్పని..."

"రాయకపోవడం కరెక్టే! మీరు రాసుంటే నేనే మిమ్మల్ని తిట్టేదాన్ని. నేనడిగేది అది కాదు. మీ బోర్డు మీద మూడో ప్రశ్నేంటి?"

అతను డస్టరు కింద పెట్టాడు. "ఈ నిర్ణయం ఎవరి మీద పడుతుందో వాళ్లని అడిగామా."

"అడిగారా?"

"లేదు."

"నా ఉద్యోగం, నా పేరు. మీరు మంచివాళ్లు అనిపించుకున్నారు, బాగుంది. నేను మాత్రం ఏమీ తెలీకుండానే ఎవరి ప్రేమకథలోనో హీరోయిన్‌ని అయిపోయాను. స్క్రిప్టు కూడా ఇవ్వలేదు నాకు!"

ఆమె కళ్లల్లో నీళ్లు లేవు. అప్పుడు అతనికి భయం వేసింది.

"సారీ అండీ," అన్నాడు. "నాకు ముందు మీరు గుర్తు రావాల్సింది. రూలు గుర్తొచ్చింది."

ఆమె 'కానీ' కోసం చూసింది. రాలేదు. కోపం ఒక మెట్టు దిగింది, ఒక్క మెట్టే.

"ఈ రిపోర్టు తేలేదాకా క్లాసు విషయం తప్ప నాతో ఏమీ మాట్లాడకండి," అని వెళ్లిపోయింది.

అతను మాట్లాడలేదు. పొద్దున గుడ్ మార్నింగ్, సాయంత్రం కేసు కాగితం, అంతే. వాన వచ్చిన రోజు గొడుగు బల్ల మీద పెట్టేసి తను తడుస్తూ పోయాడు. ఆమె కూడా దాన్ని ముట్టుకోలేదు. ఆ రోజు ఇద్దరూ తడిశారు, గొడుగొక్కటే పొడిగా ఉంది.

కత్తెర మేడం క్లాసు చూడడానికి వచ్చిన రోజున, "ఏమయ్యా, నువ్వు బయటుండు," అంది అతనితో. న్యాయమే. అతను వరండాలో ఉండిపోయాడు. మనకి ఆ అడ్డు లేదు కాబట్టి లోపలికి వెళదాం.

కేసు ఇది. ఒక కుక్కకి ఆపరేషన్ చేశారు. కడుపులో రక్తం తుడిచే గాజుగుడ్డ ముక్క మర్చిపోయి కుట్టేశారు. మళ్లీ కోయాలి. ఆ సంగతి యజమానికి చెప్పాలి. ఒక స్టూడెంటు లేవబోతుంటే కత్తెర మేడం చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను కూర్చుంటాను. ఈ ఏడుపులో ఏముందో చూద్దాం."

ఏడుపు మేడం ఎదురుగా ఇప్పుడు తన ఉద్యోగం తేల్చే మనిషి కూర్చుంది. మెత్తగా నటిస్తే కత్తెర మేడం సులువుగా గట్టెక్కుతుంది, సంతోషపడి సంతకం పెడుతుంది. ఆ ఆలోచన రాకపోలేదు. వచ్చింది, పోయింది. రోజూ పిల్లల ముందు ఎలా కూర్చుంటుందో అలాగే కూర్చుంది.

"చూడమ్మా, శస్త్రచికిత్స తర్వాత కొన్ని సందర్భాల్లో లోపల అన్యపదార్థం నిలిచిపోయి..." మొదలుపెట్టింది కత్తెర మేడం.

"నాకు అర్థం కాలేదు డాక్టర్."

"అంటే, ఒక్కోసారి ఇలా జరుగుతుంటుంది."

"దానంతటదే జరిగిందా?"

"ఆపరేషన్ థియేటర్లో చాలామంది ఉంటారు..."

"లోపల పెట్టిందెవరు? తీయాల్సిందెవరు?" ఈసారి ఆమె ఏడవలేదు, గొంతు పెంచలేదు. బొత్తాం కన్ను కుక్క తల నిమురుతూ అడిగింది. "మీరు మర్చిపోయారా డాక్టర్?"

కత్తెర మేడం బల్ల అంచు పట్టుకుంది. అప్పుడంది.

"అవునమ్మా. నేనే మర్చిపోయాను."

"ఇప్పుడేం చేస్తారు?"

"మళ్లీ ఆపరేషన్ చేయాలి. నా చేత వద్దనుకుంటే వేరే డాక్టరుని నేనే మాట్లాడి పెడతాను. మీ ఇష్టం ఎలాగైతే అలాగే."

ఆమె కుక్కని బల్ల మీద పెట్టింది. కేసు అయిపోయింది. మేడం మాత్రం లేవలేదు, పిల్లల వైపు తిరిగింది.

"ఇన్నేళ్ల నుంచి కోస్తున్నాను, కుడుతున్నాను. 'నేనే' అన్న ఆ ఒక్క మాట దగ్గర నాకు చెమటలు పట్టాయి. దీన్ని మీట నొక్కి నేర్చుకుంటారా మీరు?"

బయటికి వస్తూ వరండాలో బిక్కమొహం వేసుకుని నిలబడ్డ నీతి సార్ దగ్గర ఆగింది.

"నువ్వు రాసుంటే ఆ రిపోర్టు చించేసేదాన్నయ్యా. ప్రేమలో పడ్డవాడి మాట ఎవరు నమ్ముతారు? నేను రాస్తే మాత్రం ఎవరూ నోరెత్తరు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఇంకో సంగతి. ఆ అమ్మాయికి పర్మనెంట్ పోస్టు అడుగుతున్నాను, మా డిపార్ట్‌మెంటు కింద. ఇకపైన ఆమె పని చూసేది నేను. నీకు సంబంధం లేదు. అర్థమైందా?"

అర్థమవడానికి అతనికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక మెట్ల మీద ఇద్దరు స్టూడెంట్లని గుద్దుకున్నాడు.

ఆమె పోస్టు ఉత్తర్వు వచ్చిన సాయంత్రం ఆమె కోసం వెతికితే, వాళ్లమ్మ కుట్టు షాపులో ఉందని తెలిసింది. సన్నగా జల్లు పడుతోంది. అది ఇరుకు గది. గోడల నిండా నాటకం కోట్లు, గౌన్లు, రాజుల అంగీలు. మధ్యలో స్టూలు మీద ఆమె నిలబడి ఉంది, సగం కుట్టిన సేనాపతి కోటు తొడుక్కుని. ఒళ్లంతా గుండుసూదులు. కింద వాళ్లమ్మ మోకాళ్ల మీద కూర్చుని అంచు మడుస్తోంది. ఆవిడ పెదాల మధ్యా సూదులే.

"కదిలితే గుచ్చుకుంటాయి, ఉన్నచోటే మాట్లాడతాను," అంది ఆమె. "చెప్పండి."

అతను తల తుడుచుకున్నాడు. వచ్చే దారంతా కూడబెట్టుకున్న మాటలు గుమ్మం దగ్గరే జారిపోయాయి.

"ఇప్పుడు మీ ఉద్యోగం నా చేతిలో లేదు," అన్నాడు. "మీరు కాదంటే మీకు ఏ ఇబ్బందీ రాదు. రేపు క్లాసులో నేను ఎప్పటిలాగే ఉంటాను. అందుకే ఇవాళ అడగడానికి వచ్చాను. మీరంటే నాకు చాలా ఇష్టం. క్లాసు ఉన్నా, లేకపోయినా. మీకు ఎలా ఉందో నాకు తెలీదు. తెలుసుకోవాలని ఉంది."

వాళ్లమ్మ పెదాల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి పిన్ను దిండుకి గుచ్చింది.

"మీటింగులో చెప్పిన అబ్బాయివి నువ్వేనా బాబూ?"

"నేనేనండీ."

"మా ఇంట్లో నిన్ను తిట్టని పూట లేదు. పొద్దున నువ్వే, సాయంత్రం నువ్వే. ఏమాత్రం ఇష్టం లేనివాణ్ణి అంత ఓపిగ్గా ఎవరూ తిట్టరు. నాకైతే నువ్వు నచ్చావు."

"అమ్మా! అడిగింది నన్ను."

"సరే తల్లీ, నేను లేననుకో," అని ఆవిడ మళ్లీ అంచు మడవడంలో పడింది. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

ఆమె స్టూలు మీద నుంచి అతన్ని చూసింది. తడిసిన జుట్టు, నలిగిన చొక్కా, రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి.

"ఈ మాట ప్రిన్సిపాల్‌కి చెప్పారా?"

"లేదు."

"సర్జరీ మేడంకి?"

"లేదండీ."

"మీ అక్కకి?"

"ఎక్కడికెళ్తున్నావని అడిగింది. వచ్చాక చెప్తానన్నాను. ఇవాళ ఎవరికీ చెప్పలేదు. ముందు మీకే."

ఆమె చెయ్యి చాచబోయింది, భుజం దగ్గర సూది గుచ్చుకుంది, అబ్బా అంది, అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అతను రెండడుగులు వేసి ఆ చెయ్యి అందుకున్నాడు.

"నాకూ ఇష్టమే," అంది. "కోపం తగ్గే దాకా ఆగాను, అంతే. రేపు పొద్దున్నే ప్రిన్సిపాల్ రూముకి వెళదాం, ఇద్దరం కలిసి. ఈసారి చెప్పేది నేను."

"కాఫీ తాగకముందే వెళదాం," అన్నాడు అతను, "పాపం, పోయినసారి పొలమారింది."